నక్షత్రాల పురిటిల్లు

పాశ్చాత్య ఖగోళ శాస్త్రజ్ఞులు ‘నెబ్యులా’ అని పిలిచినదానికి మనవారు ‘నీహారిక’ అని పేరు పెట్టినారు. లాటిను భాషలో నెబ్యులా అనగా పొగమంచు. సంస్కృతంలో నీహారమన్నను మంచే. మాటకు మాట ఇంత చక్కగా అమరుట అనువాదకునికి అరుదుగా దొరికే భాగ్యం. ఐతే ఈ భాగ్యంలోనే ఒక చిక్కు ఉన్నది. ఆ లాటిను పేరు పెట్టినవారు చూచినది దూరదర్శినిలో మసకగా కనబడిన వెలుగు మరక మాత్రమే. అందులో ఏమున్నదో వారికి తెలియదు. తెలియనిదానికి వారు పెట్టిన పేరును, తెలిసినదానికి పెట్టిన పేరు వలె మనం స్వీకరించినాం. 1920ల వరకు ఆండ్రోమెడాను కూడ నెబ్యులా అనే అన్నారు. అది మన పాలపుంతకు వెలుపల ఉన్న మరొక నక్షత్ర సముదాయమని ఎడ్విన్ హబుల్ పరిశీలనల వలన తేలినది. తేలిన తరువాత గూడ మన రచనల్లో రెండింటికీ నీహారిక అనే పేరే వాడేవారున్నారు.

రచయితకు నక్షత్రం కొత్త వస్తువు కాదు. నక్షత్రమనే మాటకు ‘క్షరము కానిది’ అని అర్థం చెప్పే సంప్రదాయం మనకు ఉన్నది. చెదరనిది, నశించనిది, మన సుఖదుఃఖాలను దూరం నుండి చూస్తూ నిలిచినది: మన పద్యాల్లోను, గేయాల్లోను నక్షత్రం చాలావరకు ఈ రూపంలోనే ఉన్నది. నేటి శాస్త్రం చెప్పే నక్షత్రం ఇందుకు భిన్నం. అది పుట్టుతుంది, పెరుగుతుంది, చస్తుంది. పుట్టినచోట ఊరక ఉండదు. తాను పుట్టిన మేఘాన్ని తొలుస్తుంది, చెక్కుతుంది, చివరకు చెదరగొడుతుంది. అట్లు చేయుటలో తన ఎదుగుదలకు తానే హద్దు గీసుకొంటుంది. ఈ ఒక్క విషయాన్ని సాధ్యమైనంత స్పష్టంగా చెప్పుట ఈ వ్యాసం ఉద్దేశం. ఎందుకంటే దీని వెనుక ఉన్న పనితీరు తెలియకుండ దీని పేర్లను మాత్రం దిగుమతి చేసుకొంటే, మన భాషలో అందమైన అసత్యాలు పోగుపడతాయి.

మొట్టమొదట ‘ధూళి’ అనే మాటను చూతము. నక్షత్రాల నడుమ ఉన్న మేఘాల్లో అత్యధిక భాగం వాయువు, అందులోను ముఖ్యంగా ఉదజని. తూకంలో సుమారు నూరింట ఒక పాలు మాత్రమే ఘనకణాలు. వీటినే ఆంగ్లంలో ‘డస్ట్’ అన్నారు. మనం ధూళి అన్నాం. తెలుగువానికి ధూళి అనగానే ఎద్దుల గిట్టల నుండి లేచే మట్టి, ఎండాకాలపు సుడిగాలి గుర్తుకు వస్తాయి. ఈ కణాలు అట్టివి కావు. మట్టి ధూళి పెద్దది విరిగి చిన్నదైనది. ఇవి వేడి వాయువు చల్లబడి గడ్డకట్టగా పుట్టినవి. వృద్ధ నక్షత్రాలు వెలికి ఊదిన వాయువు చల్లారేటప్పుడు, కొన్ని నక్షత్రాలు విస్ఫోటించినప్పుడు ఏర్పడిన ఇసుకజాతి కణాలు, బొగ్గుజాతి కణాలు ఇవి. ఒక్కొక్కటి మిల్లీమీటరులో పదివేలవ వంతు, లేదా అంతకంటె చిన్నది. కాబట్టి పుట్టుకలోను, పరిమాణంలోను ఇవి ధూళి కంటె పొగకు దగ్గరి చుట్టాలు.

భిలాయి వంటి ఊళ్ళో ఉండేవారికి ఈ భేదం చెప్పనవసరం లేదు. సోవియట్ దేశంతో 1955లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఇక్కడ ఉక్కు కర్మాగారం వెలసినది; 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించినారు. ఆ నాటి నుండి తెలుగు జిల్లాల కుటుంబాలు ఎన్నో ఈ ఊరికి వచ్చి స్థిరపడినవి. కరిగిన ఇనుముపై ప్రాణవాయువును ఊదినప్పుడు కొంత ఇనుము ఆవిరై, ప్రాణవాయువుతో కలిసి, అతి సూక్ష్మమైన ఎర్రని గోధుమరంగు పొగగా లేస్తుంది. అది ఎవరూ నూరిన పొడి కాదు. వేడి నుండి చలిలోనికి వచ్చినప్పుడు వాయువు నుండి పుట్టిన రజను. ఆకాశంలోని ‘ధూళి’ జన్మరహస్యం కూడ ఇదే. ధూళి అనే మాట శాస్త్రంలో స్థిరపడినది కనుక దానిని తొలగించనక్కరలేదు. దాని వెనుక పొగ ఉన్నదని జ్ఞాపకం ఉంచుకొంటే చాలు.

ఈ పొగ ఎంత పలుచనిదో చెప్తే ఆశ్చర్యం కలుగుతుంది. మనం పీల్చే గాలిలో ఒక ఘన సెంటీమీటరుకు సుమారు రెండున్నర లక్షల కోట్ల కోట్ల అణువులు ఉంటాయి. నక్షత్రాలు పుట్టే మేఘాల్లో అదే చోటులో కొన్ని వందల నుండి కొన్ని లక్షల వరకు మాత్రమే. మన ప్రయోగశాలల్లో శూన్యమని పిలిచేదాని కంటె ఇది శూన్యం. ఐనా ఈ మేఘాల వెడల్పు కాంతి సంవత్సరాల లెక్క. అంత దూరం ప్రయాణం చేసే వెలుగుకు ఈ పలుచని పొగ కూడ గోడ వలె అడ్డం వస్తుంది. వెలుగు చొరని ఆ లోపలి భాగాల్లో శీతలం సున్నకు దిగువ 260 డిగ్రీల వరకు పోతుంది. వేడి లేనందున వాయువుకు ఉబ్బే శక్తి తగ్గుతుంది. తన బరువుకు తానే లోపలికి కుంగుట సాధ్యమవుతుంది. అనగా నక్షత్రం పుట్టుటకు ముందు కావలసినది మంట కాదు, చీకటి, చలి. ఆ చీకటిని, చలిని కాపాడేది ఈ పొగ.

ఈ చీకటిని మనుష్యులు చాలాకాలం శూన్యమనుకొన్నారు. 18వ శతాబ్దిలో విలియం హెర్షెల్ వృశ్చిక రాశి ప్రాంతంలో నక్షత్రాలు లేని నల్లని చోట్లు చూచి, అవి ఆకాశంలో రంధ్రాలని తలచినాడు. తరువాత అమెరికాలో ఎడ్వర్డ్ బర్నార్డ్ పాలపుంతకు ఛాయాచిత్రాలు తీసి, 1919లో 182 నల్లని మచ్చలతో ఒక పట్టిక ప్రకటించినాడు. అవి రంధ్రాలు కావు, వెనుకనున్న నక్షత్రాలను మరుగుపరచే మేఘాలు అనే అభిప్రాయం క్రమంగా బలపడినది. 1930లో రాబర్ట్ ట్రంప్లర్ దూరపు నక్షత్ర గుచ్ఛాలు ఉండవలసినదాని కంటె మసకగా కనబడుట చూపి, నక్షత్రాల నడుమ వెలుగును మింగే పదార్థమున్నదని నిరూపించినాడు. ఖాళీ అనుకొన్నది నిండు అని తేలుటకు నూటయేబది సంవత్సరాలు దాదాపుగా పట్టినది.

ఈ కథలో మన హైదరాబాదుకు ఒక దారి కలుస్తుంది. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన బార్ట్ బాక్, ఎడిత్ రైలీతో కలిసి 1947లో ఒక వ్యాసం ప్రకటించినాడు. ప్రకాశించే నీహారికలపై నల్లని చుక్కల వలె కనబడే చిన్న గుండ్రని మేఘాలు నక్షత్రాలు కాబోయే ముద్దలు కావచ్చునని అందులో సూచించినాడు. వాటిని అతడు పట్టుపురుగు గూళ్ళ వంటివాటితో పోల్చినాడు. నేడు వాటికి బాక్ గుళికలని పేరు. ఆ సూచన వెలువడిన కొద్దికాలానికే హైదరాబాదు రాష్ట్రం ఇచ్చిన విద్యార్థి వేతనంతో వేణు బాప్పు హార్వర్డ్ చేరినాడు. నిజామియా వేధశాలలో పనిచేసిన తండ్రి వద్ద దూరదర్శినితో చెలిమి చేసి, నిజాం కళాశాలలో చదివిన యువకుడు ఇతడు. 1949లో ఇతడు తీసిన ఛాయాచిత్రంలో ఒక కొత్త తోకచుక్క బయటపడినది. దానికి బాప్పు, బాక్, న్యూకర్క్ అనే ముగ్గురి పేర్లు కలిపి పెట్టినారు. ఇట్లు నక్షత్రాల పుట్టుక చోటును ఊహించిన పండితుని పేరు, హైదరాబాదులో పెరిగిన విద్యార్థి పేరు ఒకే తోకచుక్కపై నిలిచినవి.

నిజామియా వేధశాల 1901లో నవాబు జఫర్ జంగ్ స్థాపించినది. 1908లో నిజాం ప్రభుత్వం, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం దానిని స్వీకరించినవి. ఆకాశమంతటినీ ఛాయాచిత్రాల్లో బంధించి నక్షత్రాల స్థానాలు కొలిచే అంతర్జాతీయ యత్నంలో అది పాలుపంచుకొన్నది. బాప్పు తరువాత కావలూరు వేధశాలను నెలకొల్పి, అంతర్జాతీయ ఖగోళ సంఘానికి అధ్యక్షుడై, 1982లో మరణించినాడు. బాక్ ఊహ నిజమని తేలుటకు 1990 వరకు ఆగవలసి వచ్చినది. పరారుణ కిరణాలను పట్టే ఉపగ్రహం సేకరించిన సమాచారంతో, ఆ గుళికల్లో చాలావాటి లోపల శిశు నక్షత్రాలు ఉన్నవని ఆ ఏడు నిర్ధారణ చేసినారు. ఊహించిన బాక్ అంతకు ఏడేండ్ల ముందే గతించినాడు.

పరారుణమంటే ఏమిటో ఒక మాట. కొలిమి గోడకు ఆవల మంట కనబడకపోయినా గోడ కాక మన ముఖానికి తగులుతుంది. లోపలి వెలుగును గోడ మింగి, వేడిగా మార్చి, బయటికి విడుస్తుంది. ధూళిమేఘం చేసే పని ఇదే. శిశు నక్షత్రపు కాంతిని మింగి పరారుణ రూపంలో వెలికి ఇస్తుంది. పైగా పరారుణ కిరణాలు ఆ పొగలో నుండి మామూలు వెలుగు కంటె సులభంగా దూరి వస్తాయి. 2021 డిసెంబరులో అంతరిక్షానికి పంపిన జేమ్స్ వెబ్ దూరదర్శిని ఈ కిరణాలను చూచుటకే నిర్మించినది. కనుకనే ఇటీవల మనకు పురిటింటి లోపలి దృశ్యాలు ఇన్ని లభించినవి.

ఇక పుట్టుక. మేఘంలో ఒక ముద్ద తన బరువుకు కుంగుతుంది. కుంగే ముద్దకు మొదట కొద్దిపాటి భ్రమణమైనా ఉంటుంది. ముద్ద చిన్నదైనకొద్దీ ఆ తిరుగుడు వేగం హెచ్చుతుంది. అందువలన పదార్థమంతా నేరుగా కేంద్రంలో పడలేక, చుట్టూ పళ్ళెం వలె పరచుకొంటుంది. ఆ పళ్ళెం నుండి కొద్దికొద్దిగా శిశు నక్షత్రం ఆహారం తీసుకొంటుంది. ఐతే తినేదంతా దానిలో నిలువదు. అయస్కాంత క్షేత్రాలు పట్టి విసరగా, కొంత పదార్థం పళ్ళేనికి నిలువుగా పైకి, క్రిందికి రెండు ధారలుగా చిమ్ముకొని పోతుంది. ఈ ధారల వేగం సెకనుకు నూరు కిలోమీటర్లకు మించి, కొన్ని వందల వరకు ఉంటుంది. అవి పరిసర వాయువును ఢీకొన్నచోట వెలిగే చిన్న మచ్చలను 20వ శతాబ్ది నడిమి కాలంలో జార్జ్ హెర్బిగ్, గిలెర్మో ఆరో విడివిడిగా గుర్తించినారు. వాటికి వారిరువురి పేర్లే నిలిచినవి. నక్షత్రం తన మేఘంపై వేసే మొదటి గుర్తులు ఇవి.

ఈ ధారలు మేఘాన్ని రెండు వైపుల నుండి తొలుస్తాయి. 2022 నవంబరులో వెబ్ దూరదర్శిని పంపిన ఒక చిత్రం దీనిని కన్నులకు కట్టించినది. వృషభ రాశి దిక్కున సుమారు 460 కాంతి సంవత్సరాల దూరంలో ఎల్ 1527 అనే మేఘం ఉన్నది. దాని నడుమ సుమారు లక్ష సంవత్సరాల వయస్సున్న శిశువు ఉన్నది. ధారలు తొలిచిన రెండు గుహల గోడలు పైన, క్రింద ప్రకాశిస్తున్నవి. నడుము సన్నమై నల్లగా ఉన్నది. పాశ్చాత్యులు దీనిని ఇసుక గడియారమన్నారు. మన ఇండ్లలో ఇసుక గడియారాలు లేవు. మనకు కనబడేది డమరుకం. అనువాదకుడు ఇక్కడ ఇసుక గడియారమని రాస్తే తప్పు కాదు గాని, పాఠకుని కంటి ముందు ఏ రూపమూ నిలువదు. డమరుకమని రాస్తే రూపం నిలుస్తుంది. నడుమున నల్లగా కనబడేది శిశువును చుట్టిన పళ్ళెం. శిశువు దాని చాటున ఉన్నది.

బ్లాస్ట్ ఫర్నేసుకు, నక్షత్రానికి పోలిక తెచ్చుట రచయితలకు సహజం. రెండూ మండేవే, రెండింటికీ గాలితో సంబంధమున్నదే. కాని పోలిక తలక్రిందులయ్యే చోటును గుర్తించాలి. ఫర్నేసుకు పైనుండి ఖనిజం, కోకు, సున్నపురాయి పోస్తారు; క్రింది భాగంలో వేడిగాలిని లోనికి ఊదుతారు. ఆ గాలి ఆగితే మంట ఆగుతుంది. కమ్మరి కొలిమి తిత్తికైనా న్యాయం ఇదే. నక్షత్రంలో గాలి లోపలి నుండి వెలికి వీస్తుంది. అది మంటను పెంచదు, మేతను తరిమివేస్తుంది. కొలిమికి గాలి ఆహారం తెచ్చేది. నక్షత్రానికి గాలి ఆహారాన్ని మాన్పించేది. పసి నక్షత్రం బలిసినకొద్దీ ధారలు తొలిచిన గుహలు వెడల్పవుతాయి, చుట్టూ ఉన్న ముద్ద కరుగుతుంది, రాబోయే పదార్థం తగ్గుతుంది. ఆ ముద్దలో ఒక భాగమే నక్షత్రమవుతుంది. మిగిలినది తిరిగి అంతరాళంలో కలుస్తుంది.

సూర్యుని వంటి మధ్యతరగతి నక్షత్రాల సంగతి ఇది. పెద్ద నక్షత్రాల పద్ధతి వేరు. సూర్యుని కంటె పది, ఇరవై, ముప్పై రెట్లు బరువున్నవి అతినీలలోహిత కిరణాలను వరదలుగా వెలువరిస్తాయి. ఆ కిరణాలు ఉదజని పరమాణువుల నుండి ఎలక్ట్రానులను ఊడగొడతాయి. అంతవరకు గడ్డకట్టే చలిలో ఉన్న వాయువు సుమారు పదివేల డిగ్రీలకు కాగి, బుడగ వలె ఉబ్బి, పరిసరాలను నెడుతుంది. దీనికి తోడు ఆ నక్షత్రాల ఉపరితలం నుండి సెకనుకు వెయ్యి కిలోమీటర్లు మించిన వేగంతో గాలి వీస్తుంది. వీటిలో మిక్కిలి బరువైనవి ముప్పది నలుబది లక్షల ఏండ్లలోనే విస్ఫోటించి చస్తాయి. కాని మేఘాన్ని చెక్కే పని ఆ చావు వరకు ఆగదు. బ్రతికి ఉన్నప్పుడే చాలావరకు ముగుస్తుంది.

ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణం మృగశిర, ఆర్ద్ర నక్షత్రాలు గల మండలంలోనే ఉన్నది. శీతకాలపు రాత్రి వరుసగా కనబడే మూడు చుక్కలకు దిగువ, మంచి కన్నులవారికి వట్టి కంటికే మసకగా ఒక మరక అగుపిస్తుంది. పాశ్చాత్యులు దానిని ఒరాయన్ నీహారిక అంటారు. దూరం సుమారు 1,350 కాంతి సంవత్సరాలు. దాని నడుమ నాలుగు ప్రకాశవంతమైన నక్షత్రాల గుంపు ఉన్నది. వాటిలో ఒక్కటే ఆ వెలుగులో ఎక్కువ భాగానికి కారణం. ఆ ఒక్క నక్షత్రపు గాలి తన ముందున్న మేఘాన్ని పెద్ద బుడగ వలె ఊదినదని, విమానంలో అమర్చిన సోఫియా దూరదర్శిని పరిశీలనల వలన 2019లో తెలిసినది. ఆ బుడగ పొర సెకనుకు సుమారు 13 కిలోమీటర్ల వేగంతో వ్యాపిస్తున్నది. అందులోని పదార్థం రెండువేల సూర్యులకు పైచిలుకు. ఒక నక్షత్రం తన బరువుకు ఎన్నో రెట్లున్న పదార్థాన్ని కదిలించి త్రోసివేస్తున్నదన్నమాట.

ఇప్పుడు రచయితలను ఎక్కువగా ఆకర్షించిన చిత్రం సంగతికి వద్దాం. 1995లో హబుల్ దూరదర్శిని తీసిన ఆ చిత్రానికి ‘సృష్టి స్తంభాలు’ అనే అర్థం గల ఆంగ్ల నామం ప్రచారంలోనికి వచ్చినది. గరుడ నీహారికలో, సుమారు 6,500 కాంతి సంవత్సరాల దూరంలో, మూడు నల్లని ధూళి దిమ్మెలు నిలువుగా ఉన్నవి. వాటిలో పెద్దదాని పొడవు సుమారు నాలుగు కాంతి సంవత్సరాలు. స్తంభమనగానే మనకు శిల్పి నిలిపిన రాయి, పైకప్పును మోసే ఆధారం తోస్తాయి. ఇవి ఎవరూ నిలిపినవి కావు. దేనినీ మోయవు. సమీపంలో ఉన్న యువ నక్షత్రాల గుంపు తన కిరణాలతో చుట్టూ ఉన్న మేఘాన్ని కోసివేయగా, కోతకు లొంగక మిగిలినవి. ప్రతి దిమ్మె కొనలోను చిక్కని ముద్ద ఉన్నది; అది గొడుగు వలె తన నీడన ఉన్న పదార్థాన్ని కొంతకాలం కాపాడుతున్నది.

మన పల్లెల్లో చెరువు తవ్వే కూలీలు ఎంత లోతు తవ్వినదీ కొలిచి చూపుటకు నడుమ నడుమ కొన్ని మట్టి దిమ్మెలను తవ్వకుండ విడుస్తారు. పని లెక్క తేలిన తరువాత వాటిని కూడ తీసివేస్తారు. సృష్టి స్తంభాలు అట్టివి. ఎంత మేఘం పోయినదో చెప్పుటకు మిగిలిన కొలత దిమ్మెలు. వాటి కొనల్లో కొన్నిచోట్ల నక్షత్రాలు పుట్టుచున్న మాట నిజమే. కాని వాటి ఆకారానికి కారణం పుట్టుక కాదు, కోత. ఖగోళ కాలమానంలో స్వల్పకాలానికి అవీ ఉండవు. ఈ సంగతి తెలిసినవాడు వాటిపై కవిత రాసినా, తెలియనివాడు రాసినా స్తంభాల అందం ఒకటే. అర్థం మాత్రం ఒకటి కాదు.

జ్యేష్ఠా నక్షత్రానికి చేరువగా మరొక పురిటిల్లు ఉన్నది. రో ఒఫియూకై అనే ఈ మేఘం సుమారు 390 కాంతి సంవత్సరాల దూరంలో, మనకు మిక్కిలి దగ్గరి నక్షత్ర జన్మస్థానాల్లో ఒకటి. 2023 జూలైలో వెబ్ దూరదర్శిని ప్రథమ వార్షికోత్సవ సందర్భంగా దీని చిత్రం విడుదలైనది. అందులో సుమారు యాబది యువ నక్షత్రాలు ఉన్నవి. ఒక్కటి తప్ప తక్కినవి సూర్యునంతటివో, అంతకంటె చిన్నవో. ఆ ఒక్క పెద్దది తన చుట్టూ మేఘాన్ని గుహగా తొలచినది. గుహ గోడలు ప్రకాశించుటకు కారణం అక్కడి కర్బన అణువులు. వాటి కుటుంబం భిలాయి కోకు బట్టీల దగ్గర పనిచేసేవారికి పరిచితమే. బొగ్గును గాలి చొరకుండ కాల్చి కోకు చేసేటప్పుడు దిగే తారులోను, మామూలు మసిలోను ఉన్న షడ్భుజ వలయాల అణువులు ఆ జాతివే. ఆ తారు నుండి తీసే నాఫ్తలీనుతోనే మనం బట్టల పెట్టెలో వేసే కలరా ఉండలు తయారైనవి. నక్షత్రం తొలిచిన గోడపై మెరిసేదానికి, మన పెట్టె అడుగున ఉన్నదానికి బంధుత్వం ఉన్నదని చెప్పుటలో అతిశయోక్తి లేదు.

ఐతే ధూళి కనబడిన ప్రతిచోట పురిటిల్లు ఉన్నదని తలచరాదు. కృత్తికలను మన పల్లెవారు పిల్లలకోడి అంటారు. ఆ ఊహ ఒక విధంగా గొప్పది. ఆ చుక్కలు ఒకే ఈతలో పుట్టినవని శాస్త్రం కూడ ఒప్పుకొన్నది. ఛాయాచిత్రాల్లో వాటి చుట్టూ నీలపు పొగ కనబడుతుంది. 1912లో వెస్టో స్లైఫర్ ఆ పొగ వెలుగును విశ్లేషించి, అది పొగ సొంత వెలుగు కాదని, నక్షత్రాల వెలుగే దానిపై పడి తిరిగి వస్తున్నదని చూపినాడు. ఉక్కు పట్టణంలో రాత్రివేళ కరిగిన చిట్టెం పారబోసినప్పుడు పైనున్న పొగ ఎర్రబడుట వంటిది ఇది. చాలాకాలం ఆ పొగ కృత్తికల పుట్టింటి మిగులు అనుకొన్నారు. నేడు అట్లు తలచుట లేదు. కృత్తికల వయస్సు సుమారు పది కోట్ల ఏండ్లు. వాటి పుట్టింటి మేఘం ఏనాడో చెదరిపోయినది. ఇది దారిలో ఎదురైన వేరొక మేఘం.

మేఘాన్ని చెదరగొట్టుట హాని అనుకొందామా, మేలు అనుకొందామా? లెక్క ఒకటి చూడవలె. మన పాలపుంతలో నక్షత్రాలుగా మారగల చల్లని వాయువు సుమారు వంద కోట్ల సూర్యుల బరువు ఉన్నది. దానికి అడ్డు లేకుండ కుంగే అవకాశముంటే ఏటా వందల సూర్యులు పుట్టవలసినది. నిజానికి ఏటా పుట్టేది ఒకటి రెండు సూర్యుల బరువు మాత్రమే. మేఘంలోని పదార్థంలో నూరింట కొన్ని పాళ్ళే నక్షత్రాలవుతాయి. దీనికి అయస్కాంత క్షేత్రాలు, వాయువులోని సుడులు కొంత కారణం. యువ నక్షత్రాల గాలులు, కిరణాలు మిక్కిలి ముఖ్యమైన కారణం. ఇవి ఈ పొదుపు చేయకపోతే పాలపుంత తన వాయువునంతటినీ ఏనాడో ఖర్చు చేసి ఉండేది. ఆలస్యంగా, సుమారు 460 కోట్ల ఏండ్ల క్రితం పుట్టిన సూర్యునికి పదార్థమే మిగిలేది కాదు.

మరొక వాదం కూడ ఉన్నది. పెద్ద నక్షత్రాల గాలి మేఘాన్ని నెట్టినప్పుడు, నెట్టిన అంచున పదార్థం చిక్కబడి కొత్త నక్షత్రాలు పుట్టవచ్చును. ఒక తరం మరొక తరాన్ని పుట్టించే ఈ వరుసను 1977లో బ్రూస్ ఎల్మెగ్రీన్, చార్లెస్ లాడా ప్రతిపాదించినారు. వెలిగే అంచులున్న మేఘాలపై మన దేశపు శాస్త్రజ్ఞులు కూడ ఎంతో కృషి చేసినారు. చిక్కు ఎక్కడంటే, అంచున కనబడే యువ నక్షత్రం గాలి వలన పుట్టినదో, గాలి లేకపోయినా పుట్టవలసినదో తేల్చుట కష్టం. ఒకే గాలి ఒకచోట ముద్దను చీల్చుతుంది, మరొకచోట ముద్దను బిగిస్తుంది. మొత్తం మీద చెదరగొట్టుటే ఎక్కువని పలువురి అభిప్రాయం.

ఈ కథను విన్న రచయితకు వెంటనే తోచే ఉపమానం ఒకటి ఉన్నది: తల్లిని చంపి పుట్టిన బిడ్డ. తరాల సంఘర్షణపై రాయదలచినవారికి ఇది సిద్ధంగా దొరికే సరుకు. దీనిని వాడేముందు ఆలోచించవలె. మేఘసందేశంలో కాళిదాసు మేఘాన్ని పొగ, వెలుగు, నీరు, గాలి అనే నాలుగింటి కలయికగా చెప్పినాడు. ఆశ్చర్యమేమంటే నక్షత్రాల మేఘంలోను ఈ నాలుగూ ఉన్నవి. అక్కడ నీరు ధూళికణాలపై మంచుగా పేరుకొని ఉన్నది. కాని కాళిదాసు ఆ జాబితా చెప్పినది మేఘాన్ని పొగడుటకు కాదు. ప్రాణమున్నవారు మోయవలసిన సందేశానికి ఇట్టి జడపదార్థం ఎట్లు తగునని ప్రశ్నించుటకు. విరహంలో ఉన్న యక్షునికి ఆ భేదం తోచలేదన్నాడు. యక్షునికి తోచకపోయినా కవికి తెలిసినది. మనం నేర్చుకోవలసిన మర్యాద అది. మేఘం తల్లి కాదు, దానికి చావు లేదు. చెదరిన వాయువు కోట్ల ఏండ్లలో మరొక మేఘంలో చేరుతుంది, మళ్ళీ చీకటి కమ్ముతుంది, మళ్ళీ కుంగుతుంది. ఇది హత్య కాదు, చేతులు మారే పంట.

నేను ‘పురిటిల్లు’ అన్నది ఈ దృష్టితోనే. ఆంగ్లంలో ఇట్టి చోట్లను శిశుశాల అనే అర్థం గల మాటతో పిలుస్తారు. శిశుశాలలో పిల్లలను పెంచుతారు. అక్కడ ఎవరో దాదులు ఉంటారు. ఈ మేఘాల్లో పెంపకం లేదు. పురిటిల్లు చీకటిగా, మూసి ఉంటుంది. అది కొన్నాళ్ళ కోసమే ఏర్పడినది. ఆ నాళ్ళు గడిచిన తరువాత తలుపులు తెరుచుకొంటాయి. ఇక్కడ తలుపులు తెరిచేది బిడ్డే. ఉపమానం ఇంతవరకు సాగుతుంది. ఇంతకు మించి లాగితే తెగుతుంది. శాస్త్రవిషయాన్ని తెలుగులో చెప్పే ప్రతి మాటకు ఇట్టి కొలత ఒకటి ఉండవలె. మహీధర నళినీమోహన్ వంటివారు శాస్త్రాన్ని తెలుగు పలుకుబడిలో చెప్పవచ్చునని నిరూపించినారు. ఆ పని శాస్త్రజ్ఞులకే విడిచి, సాహిత్యకారులు పేర్ల అందంతో తృప్తి పడరాదు.

మన సూర్యుడు కూడ ఒకనాడు ఇట్టి మేఘంలో పుట్టినవాడే. 1969లో మెక్సికోలో పడిన అయెందే ఉల్కాశిలలో, త్వరగా నశించే ఒకజాతి అల్యూమినియం జాడలు ఉన్నవని 1976లో కనుగొన్నారు. ఆ అల్యూమినియం సుమారు ఏడు లక్షల ఏండ్లలో సగం తరిగిపోతుంది. కనుక సూర్యుడు పుట్టుటకు కొద్దిముందే ఏవో పెద్ద నక్షత్రాలు దానిని ఆ మేఘంలోనికి వెదజల్లి ఉండవలెనని అధికుల అభిప్రాయం. ఆ నక్షత్రాలు లేవు, ఆ మేఘం లేదు, సూర్యునితో పుట్టినవారు పాలపుంతలో ఎటెటో చెదరిపోయినారు. మిగిలినది పదార్థం. భిలాయి ఫర్నేసులకు దశాబ్దాలుగా ఖనిజమిచ్చిన దల్లీ-రాజహరా కొండలు భూమిపై పురాతన జలాల్లో పేరుకొన్నవే. కాని అందులోని ఇనుము భూమిపై పుట్టినది కాదు. సూర్యునికి ముందు విస్ఫోటించిన నక్షత్రాల్లో తయారై, పొగగా మారి, ఒక చల్లని మేఘంలో కాలం గడిపి, అక్కడి యువ నక్షత్రాలు చెదరగొట్టకుండ మిగిల్చిన పాలులో మనకు వచ్చినది. ఆ ఇనుము పట్టాలై దేశమంతటా పరచుకొని ఉన్నది.